లిఫ్ట్ కిట్ కొనే ముందు ఓ లెక్క కట్టండి

కొత్త జిమ్నీకో థార్‌కో నంబర్ ప్లేటు బిగించకముందే లిఫ్ట్ కిట్ రేట్లు కనుక్కునే మిత్రులు నాకు కనీసం అరడజను మంది ఉన్నారు. మీకూ ఉండే ఉంటారు. ఆ మిత్రుడు మీరే అయినా ఆశ్చర్యం లేదు. తొలి ఉద్యోగం, తొలి ఈఎంఐ, తొలి ఫోర్ బై ఫోర్. ఫోన్లో రీల్స్ తిప్పుతుంటే ఓ బండి రెండంగుళాలు పైకి లేచి, ముందు ఇనుప బంపర్, నెత్తిన లైట్ల పట్టీ, పక్కన ఏనుగు తొండంలాంటి స్నార్కెల్‌తో కనిపిస్తుంది. షాపు అతను "అన్నా, లుక్ అదిరిపోద్ది" అంటాడు. లుక్ అదిరిపోతుంది, అందులో అబద్ధం లేదు. అంత డబ్బు పోశాక కూడా వానాకాలంలో ఓ చెరువు గట్టు దిగగానే నల్లరేగడిలో బండి దిగబడిపోతే, పక్క పొలంలోని ట్రాక్టర్ వచ్చి లాగుతుంది. అప్పుడు తెలుస్తుంది, మార్చాల్సింది అది కాదని.

మన దగ్గర బండి మార్పుల వరుస తలకిందులుగా నడుస్తోంది. కంటికి కనిపించేవి ముందు, నిజంగా పని చేసేవి ఆఖర్న. డబ్బు వృథా వరకే అయితే అది మీ జేబు, మీ ఇష్టం. కానీ బండి బోల్తా పడటం, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడం, ఆర్సీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్, ఇన్నిటికీ ఈ వరుసతో సంబంధం ఉంది. పైగా కంపెనీ డిజైన్ మీద మీరు ఒక్క బోల్టు మార్చినా, ఆ మేరకు డిజైన్ ఇంజినీరు మీరే అయిపోతారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు లెక్క కట్టాలి కదా!

ముందుగా ఓ చిన్న మాట. మీ థార్ అసలు ఫోర్ బై ఫోరేనా? 2023 నుంచి వెనక చక్రాలకు మాత్రమే పవర్ ఇచ్చే థార్ కూడా అమ్ముతున్నారు. బయటికి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. గేర్ లివర్ పక్కన రెండో లివర్ లేకపోతే, లో రేంజ్ లేనట్టే. ఆ బండిని ఎంత ఎత్తు లేపినా ముందు చక్రాలకు బలం రాదు.

ఉదాహరణకు జిమ్నీని తీసుకుందాం. మన దేశంలో అన్ని వేరియంట్లూ ఫోర్ బై ఫోరే కాబట్టి లెక్క తేలిక. దాని గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. ఈ 210 ఎక్కడ కొలుస్తారు? ముందూ వెనకా అడ్డంగా ఉండే యాక్సిల్ హౌసింగ్‌లో, డిఫరెన్షియల్ ఉన్న ఉబ్బెత్తు భాగం కింద. జిమ్నీకి ముందూ వెనకా రెండూ రిజిడ్ యాక్సిళ్లే. అంటే ఎడమ చక్రం నుంచి కుడి చక్రం దాకా ఒకే దూలం. మీరు 50 మిల్లీమీటర్ల లిఫ్ట్ కిట్ వేస్తే స్ప్రింగులు పొడవవుతాయి, ఛాసిస్, బాడీ పైకి లేస్తాయి. మరి ఆ యాక్సిల్? అది చక్రాల మధ్యలో ఉంది, అక్కడే ఉంటుంది. లిఫ్ట్‌కు ముందు 210, లిఫ్ట్ తర్వాత కూడా 210. రాయి తగిలేది ముందు దానికే.

లిఫ్ట్ అసలు పనికిరాదని కాదు. బంపర్ కింద అంచు పైకి లేస్తుంది, మిట్ట ఎక్కే కోణం పెరుగుతుంది, బండి పొట్ట గట్టుకు రాసుకోవడం తగ్గుతుంది. పెద్ద టైర్లకు చోటు దొరుకుతుంది. ఐదు డోర్ల జిమ్నీ పొడవు కాబట్టి దాని పొట్ట కోణం 24 డిగ్రీలే, అక్కడ కాస్త ఎత్తు ఉపయోగమే. కానీ యాక్సిల్‌ను నేల నుంచి ఎత్తగలిగేది ఒక్క టైరే. ఇది షాపులో ఎవరూ చెప్పరు, ఎందుకో మీకు తెలుసు.

సరే, టైరు లెక్క చూద్దాం. కంపెనీ ఇచ్చిన సైజు 195/80 ఆర్15. మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. 195లో 80 శాతం 156. పైనా కిందా కలిపి 312. 15 అంగుళాల రిమ్ము అంటే 381. మొత్తం వ్యాసం 693 మిల్లీమీటర్లు. ఇప్పుడు చాలామంది మోజు పడే 235/75 ఆర్15 చూడండి. ఇదే పద్ధతిలో లెక్కేస్తే 733 చిల్లర. తేడా 40 మిల్లీమీటర్లు. యాక్సిల్ చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి మీకు దక్కేది అందులో సగం, 20. అంటే రెండు సెంటీమీటర్లు. దీనికి మీరు చెల్లించేది ఏమిటో కూడా చూడండి. స్పీడోమీటర్ 80 చూపిస్తే అది లెక్కగట్టే అసలు వేగం 85కు చేరువవుతుంది. గేర్లన్నీ దాదాపు 6 శాతం బరువెక్కుతాయి. ఒకటిన్నర లీటర్ల పెట్రోల్ ఇంజిన్‌కు ఘాట్‌లో ఆ తేడా తెలుస్తుంది. చక్రం బరువు పెరిగింది కాబట్టి బ్రేకుకూ పని పెరుగుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకుంటుందేమో విడిగా చూసుకోవాలి.

అందుకే నా సలహా, కంపెనీ ఇచ్చిన సైజులోనే లేదా దానికి అతి దగ్గరి సైజులో, ఆల్ టెరైన్ రకం టైర్లు. సెట్ మొత్తానికి అర లక్షకు అటూ ఇటూ అవుతుంది. మట్టిలో, రాళ్లలో బండి తేడా మొదటి గంటలోనే తెలుస్తుంది. బాగా లోతు గుబ్బలుండే మడ్ టెరైన్ రకం మాత్రం రోజూ గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్లే బండికి వద్దు. తారురోడ్డు మీద హోరు, తడి రోడ్డు మీద జారుడు, త్వరగా అరుగుదల. మీ బండి ఏడాదిలో 340 రోజులు తారు మీదే తిరుగుతుంది, ఒప్పుకోండి.

ఇంకో సంగతి. టైరు మార్చకుండానే, దాదాపు పైసా ఖర్చు లేకుండా బండి సత్తా పెంచే పని ఒకటుంది: గాలి తగ్గించడం. ఇసుకలోకి దిగేముందు ప్రెషర్‌ను 15 నుంచి 18 పీఎస్ఐకి దించితే టైరు నేలమీద పొడవుగా పరుచుకుంటుంది. అదే బరువు ఎక్కువ వైశాల్యం మీద పడుతుంది. ఒంటె పాదం ఇసుకలో కూరుకుపోకపోవడానికీ ఇదే కారణం. రాళ్ల దారిలో అంత తగ్గించకండి, 20 పైనే ఉంచండి. ఇసుకలోనైనా మరీ దించేస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చేస్తుంది. తారురోడ్డు ఎక్కగానే మళ్లీ డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న ప్రెషర్‌కు గాలి కొట్టుకోవాలి. తక్కువ గాలితో హైవే మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పగిలిపోతుంది. దీనికి కావలసింది ఓ మంచి గాలి మీటరు, బ్యాటరీకి తగిలించుకునే కంప్రెసర్. స్నార్కెల్ ధరతో పోలిస్తే ఇది ఏపాటి?

అన్నట్టు నల్లరేగడి విషయంలో ఏ టైరూ దేవుడు కాదు. ఆదిలాబాద్ వైపో కర్నూలు వైపో వానాకాలం పొలం దారిలో నడిచినవాళ్లకు తెలుసు, నాలుగడుగులకే చెప్పులు రెండేసి కిలోలవుతాయి. టైరుకూ అంతే. గుబ్బల మధ్య ఖాళీలు నిండిపోయి నున్నటి గుండు అయిపోతుంది. అక్కడ చేయాల్సిన పని ఆగి, దిగి, చూసి, అవసరమైతే వెనక్కి తిరగడం.

డిఫరెన్షియల్ లాకుల గురించి చాలామంది అడుగుతుంటారు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే టార్క్ ఇస్తుంది. ఒక చక్రం గాల్లోకి లేస్తే దాన్ని తిప్పడానికి దాదాపు బలమే అక్కర్లేదు, కాబట్టి నేలమీదున్న రెండో చక్రానికీ అంతే దక్కుతుంది. గాల్లోది గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. జిమ్నీలో ఇలా తిరిగే చక్రాన్ని కంప్యూటర్ బ్రేకుతో పట్టి ఆపి, బలాన్ని రెండో వైపు పంపే ఏర్పాటుంది. థార్ పై వేరియంట్లలో వెనక మెకానికల్ లాక్ కూడా ఇచ్చారు. అయినా బండి ఎందుకు ఎక్కట్లేదంటే, చక్రం తిరగడం చూడగానే భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తారు. కాలు అలాగే నిదానంగా నొక్కి ఉంచితేనే ఆ ఏర్పాటుకు పని చేసే సందు దొరుకుతుంది. బయట లాకర్ కొనేముందు, ఇప్పటికే డబ్బు కట్టి కొన్న దాన్ని వాడటం నేర్చుకోండి.

ఇక అసలు భయం దగ్గరకు వద్దాం. బండి పక్కకు ఒరిగి పడిపోవడం రెండు అంకెల మీద ఆధారపడుతుంది. ఎడమ, కుడి టైర్ల మధ్య దూరంలో సగం ఒకటి, గురుత్వ కేంద్రం ఎత్తు రెండోది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే సంఖ్య తగ్గేకొద్దీ బోల్తా ముప్పు పెరుగుతుంది. జిమ్నీ చక్రాల మధ్య దూరం సుమారు 1,400 మిల్లీమీటర్లు, సగం 700. గురుత్వ కేంద్రం ఎత్తు కూడా లెక్క సులువు కోసం 700 అనుకుందాం. నిష్పత్తి 1, అంటే కదలకుండా నిలబెట్టి వంచుతూ పోతే కాగితం మీద 45 డిగ్రీల దగ్గర పడుతుంది. లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు కలిసి ఆ ఎత్తును 65 మిల్లీమీటర్లు పెంచాయనుకోండి. నిష్పత్తి 0.91కి దిగుతుంది, కోణం 42 డిగ్రీల చిల్లర. రెండున్నర డిగ్రీలే కదా అనకండి. ఇది కదలని బండి లెక్క. పాడేరు ఘాట్‌లోనో మారేడుమిల్లి మలుపుల్లోనో బ్రేకు వేస్తూ స్టీరింగ్ తిప్పుతుంటే, మెత్తటి స్ప్రింగులు ఒక పక్కకు ఒరిగి, ఆ 42 చాలా తొందరగా కరిగిపోతుంది.

ఇంతకంటే ఆశ్చర్యం ఇంకోటి. సుమారు 1,200 కిలోల ఖాళీ బండి నెత్తిన, నేల నుంచి 1.8 మీటర్ల ఎత్తులో, క్యారియర్, టెంటు, డీజిల్ డబ్బా కలిపి 60 కిలోలు పెట్టండి. గురుత్వ కేంద్రం 700 నుంచి 752కి పెరుగుతుంది. అంటే ఒక్క స్ప్రింగు మార్చకుండానే ఓ లిఫ్ట్ కిట్ వేసినంత పని అయిపోయింది! బరువంతా కింద, వెనక సీటు నేల మీద కట్టుకోండి. నెత్తిన పెట్టక తప్పకపోతే టార్పాలిన్, పరుపుల్లాంటి తేలికవే పెట్టండి.

రిజిడ్ యాక్సిల్ ఉన్న బండికి లిఫ్ట్ వేస్తే జరిగే మరో రెండు మార్పులు కూడా చెప్పాలి. యాక్సిల్‌ను పక్కలకు జరగకుండా పట్టుకునే ప్యానార్డ్ రాడ్ కోణం మారి, యాక్సిల్ మొత్తం ఒక పక్కకు కొద్దిగా జరుగుతుంది. క్యాస్టర్ కోణం తగ్గి, 80 దాటగానే స్టీరింగ్ తేలిపోతున్నట్టు, ఊగుతున్నట్టు ఉంటుంది. వీటిని సరిచేసే భాగాలు లేకుండా ఉత్త స్ప్రింగులు మాత్రమే అమ్మే కిట్ చౌకగా దొరుకుతుంది. అసలు ఖర్చు తర్వాత మొదలవుతుంది. థార్‌కు ముందువైపు సస్పెన్షన్ వేరే రకం, అక్కడ డ్రైవ్ షాఫ్టుల జాయింట్లు ఎక్కువ కోణంలో తిరగాల్సి వచ్చి త్వరగా అరుగుతాయి.

ఇనుప బంపర్ మీద నాకు అసలు సానుభూతి లేదు. కంపెనీ బంపర్, దాని వెనక భాగాలు గుద్దుకున్నప్పుడు నలగడానికే పుట్టాయి. ఆ నలుగుడు సమయాన్ని బట్టే ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు విచ్చుకోవాలో సెన్సర్లు తేల్చుకుంటాయి. ఛాసిస్‌కు నేరుగా బిగించిన గట్టి ఇనుప చట్రం ఆ లెక్కంతా చెరిపేస్తుంది. ఇక ఎదురొచ్చిన పాదచారి సంగతి చెప్పక్కర్లేదు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే బుల్ బార్‌లు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధమని, చర్య తీసుకోమని రాష్ట్రాలకు లేఖ రాసింది. అయినా మన రోడ్ల మీద ఎన్ని కనిపిస్తాయో చూస్తూనే ఉన్నారు.

చట్టం మాట వచ్చింది కాబట్టి తేటగా తెలుసుకోండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించండి. ఇన్సూరెన్స్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. బండిలో చేసిన మార్పు చెప్పకుండా దాచి, ప్రమాదం తర్వాత సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసినప్పుడు బయటపడితే మీ క్లెయిమ్ వివాదంలో పడుతుంది. పెద్దదైనా చిన్నదైనా మార్పును రాతపూర్వకంగా చెప్పి, పాలసీలో చేర్పించుకోండి.

ఇక్కడ చట్టాన్నీ ఓ మాట అనాలి. సీఎన్జీ కిట్ వేయించుకోవాలంటే ఆమోదం పొందిన కిట్ ఉంది, బిగించే కేంద్రం ఉంది, ఆర్సీలో ఎక్కించే పద్ధతి ఉంది. దివ్యాంగుల కోసం బండిని మార్చుకోవడానికీ చట్టంలోనే దారి ఉంది. మరి సస్పెన్షన్ మార్పుకు? పెద్ద కొయ్య తలుపు, దానికి తాళం. దాంతో ఏమవుతోంది? మంచి లిఫ్ట్ కిట్, చెత్త లిఫ్ట్ కిట్ రెండూ చట్టం కంట్లో ఒకటే కాబట్టి మంచిదాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చేవాడే లేడు. చౌకైనదే గెలుస్తోంది. జర్మనీలో టీయూవీ లాంటి సంస్థల ఇంజినీర్లు మార్పును పరీక్షించి బండి పత్రాల్లో రాస్తారు. ఆస్ట్రేలియాలో బండ్ల మార్పులకు వీఎస్‌బీ 14 అనే జాతీయ నియమావళే ఉంది. చాలా రాష్ట్రాల్లో 50 మిల్లీమీటర్ల దాకా ఎత్తు పెంపును చిన్న మార్పుగా చూస్తారు, అది దాటితే గుర్తింపు పొందిన ఇంజినీరు సర్టిఫికెట్ కావాలి. మనకు పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి పరీక్షా కేంద్రాలున్నాయి. హర్యానాలోని మండీ డబ్వాలీ, పంజాబ్‌లోని మోగా పాత జీపుల మార్పులకు ఎంత పేరుమోసిన ఊళ్లో ఆ లోకం తెలిసినవాళ్లను అడగండి. అంత చేతిపని ఉన్న దేశంలో ఆ పనిని కొలిచే గజం బద్ద మాత్రం లేదు. అది కావాలని అడగాల్సింది మనమే. అది వచ్చేదాకా మాత్రం ఉన్న చట్టమే చట్టం. "పోలీసులు ఏమనరు అన్నా" అనే షాపు హామీ మీ ప్రమాదం రోజున కోర్టులో నిలబడదు.

స్నార్కెల్ సంగతి. ఇంజిన్ గాలి పీల్చే మూతిని పైకి తెస్తుంది, అంతవరకే దాని పని. సిలిండర్‌లోకి నీళ్లు పోతే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. స్నార్కెల్ దాన్ని ఆపుతుంది. కానీ యాక్సిళ్లు, గేర్ బాక్సు ఊపిరి తీసుకునే బ్రీదర్ గొట్టాలు కింద ఉంటాయి. వేడిగా ఉన్న యాక్సిల్ చల్లటి నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని నీళ్లను పీలుస్తుంది. స్నార్కెల్ కంటే చవకగా అయ్యే బ్రీదర్ గొట్టాల పొడిగింపు గురించి అడిగేవాళ్లే తక్కువ.

అంతకంటే పెద్ద విషయం, నీరు బండిని తేల్చేస్తుంది. జిమ్నీ బాడీ కింద వైశాల్యం సుమారు ఐదున్నర చదరపు మీటర్లు. ఫ్లోర్ పైకి నీరు 10 సెంటీమీటర్లు పెరిగితే, లోపలికి నీరు ఇంకా చేరకముందు, దాదాపు 550 కిలోలు పైకి తోస్తుంది. 20, 22 సెంటీమీటర్లు పెరిగేసరికి బండి మొత్తం బరువుకు సమానం. అప్పటికి నీటి లోతు నేల నుంచి రెండడుగులు దాటిందో లేదో. టైర్లకు పట్టు అంతకు ఎంతో ముందే పోతుంది. రెండడుగుల ప్రవాహం ఎస్‌యూవీలనూ కొట్టుకుపోగలదని అమెరికా వాతావరణ శాఖ ప్రజలకు చేసే హెచ్చరిక కూడా ఇదే. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు ఏం చేశాయో చూసినవాళ్లం. స్నార్కెల్ మూతి ఐదడుగుల ఎత్తున ఉంటుంది, అది చూసి లోతు ఐదడుగులదాకా పర్లేదనుకుంటే అది ప్రాణాల మీదికి తెస్తుంది. పారే నీటిలో వంతెన కనిపించకపోతే బండి ఏదైనా సరే ఆగిపోండి.

దిగబడిన బండిని లాగడం ఇంకా ప్రమాదకరమైన ఘట్టం. 1,750 కిలోల థార్ గంటకు 10 కిలోమీటర్ల వేగంతో తాడును ఒక్క ఉదుటున లాగిందనుకోండి. ఆ శక్తి, 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతులు యాభైకి పైగా కలిపితే ఎంతో అంత. హుక్కు విరిగితే ఆ శక్తిలో పెద్ద వాటా ఓ ఇనుప ముక్కలోకి వెళ్తుంది, ఆ ముక్క ఎవరి తలవైపు పోతుందో తెలియదు. ట్రైలర్ తగిలించే టో బాల్‌కు తాడు కట్టి లాగి ఆస్ట్రేలియాలో ప్రాణాలు పోయాయి. బంపర్ రంధ్రంలో మర బిగించే చిన్న రింగు కూడా ఉదుటున లాగడానికి కాదు. ఛాసిస్‌కు ఉన్న రేటింగ్ గల హుక్కులు, రేటింగ్ ముద్ర ఉన్న షాకిళ్లు, సాగే గుణమున్న తాడు, తాడు మీద బరువుగా ఓ తడి దుప్పటి, చుట్టుపక్కల మనుషుల్ని తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరం జరపడం. ముందుగా పార తీసి చక్రాల ముందు మట్టి తవ్వితే సగంసార్లు లాగాల్సిన పనే ఉండదు. పార ఏ రీల్‌లోనూ కనిపించదు, పాపం.

లైట్ల పట్టీ గురించి రెండు మాటలు చాలు. 120 వాట్ల పట్టీ 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతుంది. దానికి తగిన మందం వైరు, రిలే, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. హెడ్‌లైట్ వైరును గీకి చుట్టేసే పని అగ్గికి ఆహ్వానం, వారంటీకి వీడ్కోలు. పబ్లిక్ రోడ్డు మీద దాన్ని వెలిగించడం మాత్రం ఎదుటి లారీ డ్రైవర్ కళ్లల్లో కారం కొట్టడమే.

బండి సిద్ధమైంది, ఎక్కడికి వెళ్తారు? రిజర్వు ఫారెస్టులోకి దారి కనిపించినంత మాత్రాన అది మీ ట్రాక్ కాదు, అనుమతి లేకుండా వెళ్తే కేసు. మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చలికాలం నుంచి ఎండాకాలం మొదటిదాకా ఇసుకలో గుడ్లు పెడతాయి, మీ టైరు కింద ఏముందో పైనుంచి కనిపించదు. రైతు పొలం గట్టు ఆయన కష్టం. ఏజెన్సీలో సంత రోజున ఓసారి నిలబడి చూడండి. పాత కమాండర్ జీపులు జనంతో నిండి ఎక్కే మట్టి దారులు చూస్తే లిఫ్ట్ కిట్ మోజు కొంత దిగుతుంది. అంత జనాన్ని ఎక్కించడం నేను మెచ్చుకోను. కానీ ఏ రాయి మీద ఏ చక్రం పెట్టాలో ఆ డ్రైవర్ల కంటికి తెలుసు. ఆ కన్ను కావాలంటే శిక్షణ తీసుకోండి. మహీంద్రా వాళ్లకు మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ఆఫ్‌రోడ్ శిక్షణ అకాడమీ ఉంది. స్థానికంగానూ ప్రైవేటు ట్రాకులు వస్తున్నాయి. మొదటి రోజు స్టాక్ బండితోనే వెళ్లండి. ఎక్కడ తగిలిందో, ఎక్కడ ఆగిందో రాసుకుంటే, ఆ జాబితాయే మీకు ఏం మార్చాలో చెబుతుంది. చాలామందికి అందులో మొదట వచ్చేది టైరు, తర్వాత కింద ఇంజిన్, ట్రాన్స్‌ఫర్ కేసు కాపాడే ఇనుప పలక.

ఇదంతా కెరీర్ పేజీలో ఎందుకంటే, మెకానికల్ చదివి నాలుగో ఏడాదిలో కోడింగ్ కోర్సులో చేరిపోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు చదివిన వెహికల్ డైనమిక్స్ మొత్తం ఈ ఒక్క బండిలో ఉంది. ఎస్ఏఈ ఇండియా వాళ్లు 2007 నుంచి బాహా పోటీ నడుపుతున్నారు. విద్యార్థులే అన్ని దారుల్లో నడిచే చిన్న బండిని డిజైన్ చేసి, వెల్డింగ్ చేసి, పరుగెత్తించాలి. మన కాలేజీల జట్లూ వెళ్తుంటాయి. మీ కాలేజీలో జట్టు ఉంటే చేరండి, లేకపోతే పెట్టండి. ఐటీఐలో మోటార్ మెకానిక్, వెల్డర్ చేసినవాళ్లకైతే ఇంకా దగ్గరి దారి. మంచి వెల్డు వేయగలిగి, పైగా లెక్క కూడా చెప్పగలిగే మనిషి ఈ షాపుల్లో అరుదు.

ఇంటర్వ్యూకు పట్టుకెళ్లడానికి ఓ ప్రాజెక్టు కావాలా? మీ ఊరి వే బ్రిడ్జి దగ్గరకు ఓ ఫోర్ బై ఫోర్ తీసుకెళ్లండి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఓ చీటీ, వెనక చక్రాలు మాత్రమే పెట్టి ఇంకో చీటీ. ముందు 640, వెనక 560 కిలోలు వచ్చాయనుకుందాం. వీల్‌బేస్ 2,590 మిల్లీమీటర్లు. 2,590ని 560తో గుణించి మొత్తం 1,200తో భాగిస్తే 1,209. అంటే గురుత్వ కేంద్రం ముందు యాక్సిల్‌కు 1,209 మిల్లీమీటర్ల వెనక ఉంది. ఇప్పుడు బండి ముందు భాగాన్ని కొలిచిన ఎత్తుకు ర్యాంపు మీద లేపి, చక్రాలకు అడ్డు పెట్టి, స్ప్రింగులు కదలకుండా కట్టి, వెనక బరువు మళ్లీ తూచండి. ఆ పెరిగిన కిలోల నుంచి ఎత్తు వస్తుంది, సూత్రం మీ మూడో ఏడాది పుస్తకంలోనే ఉంది. తర్వాత నెత్తిన క్యారియర్ పెట్టి మరోసారి తూచండి.